ముడి లేని కుట్టు

మా మోర్తాడ్ దిక్కు ఎవరింట్లో కాన్పయినా, చూడటానికి వచ్చినవాళ్లు వరసగా మూడు ప్రశ్నలు అడుగుతారు. పిల్లనా పిలగాడా? నార్మలా ఆపరేషనా? ఆపరేషనైతే కుట్లు మానినయా? మధ్య ప్రశ్నకు జవాబు ఇప్పుడు దాదాపు ముందే తెలుసు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. అంటే ఈమధ్య తల్లులైనవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్ల కడుపులో ఏదో ఒక దారం కొన్ని వారాలో నెలలో కాపురం చేసింది. అదేం దారం, దేంతో చేశారు, ఎట్లా కరిగింది అని అడిగినవాళ్లు లేరు. బతుకంతా బీడీలకు దారం చుట్టిన చేతులున్న ఊళ్లలో కూడా ఈ దారం మాట రాదు.

నాకు ఆసక్తి కలిగించింది దారం కన్నా ముడి. కోడ్ రాసేవాళ్లకు సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఊరికే భయం. వంద మెషీన్లున్నా అవన్నీ ఒక్క వైరు మీద ఆధారపడితే మీకున్నది వంద మెషీన్లు కాదు, ఒక్క వైరే. సర్జన్ వేసే కుట్టుకు ఆ ఒక్క వైరు ముడి. ఇరవై పోట్లు ఎంత అందంగా వేసినా చివర ముడి జారితే మొత్తం వదులైపోతుంది. పైగా దారం తెగేది కూడా ఎక్కువగా ముడి దగ్గరే, ఎందుకంటే అక్కడ దారం తన మీద తానే ఒరుసుకుంటూ మెలి తిరుగుతుంది. అందుకే కుట్టు దారాల బలాన్ని కొలిచేటప్పుడు చాలా రకాలకు ముడి వేసి లాగి చూస్తారు. ఇంకో ఇబ్బంది ఉంది. ఒంట్లో మనది కాని వస్తువు ఒకచోట ముద్దగా కూడేది ముడి దగ్గరే. సూక్ష్మజీవులకు అది మంచి ఇల్లు. చర్మం కింద అయితే వేలికి గింజలా తగులుతుంది. జారిపోతుందేమోనని నాలుగు ముళ్లు ఎక్కువ వేస్తే ఆ ముద్ద ఇంకా పెద్దదవుతుంది.

ముడి లేకుండా కుట్టాలన్న కోరిక కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో కుట్టడానికి పనికొచ్చే దారాల జాబితా ఉంది: అశ్మంతకం బెరడు నార, జనుము, అవిసె, జంతువుల స్నాయువు, వెంట్రుకలు, తిప్పతీగ పోగు. ఇవన్నీ ముడి వేయాల్సినవే. కానీ చికిత్సాస్థానంలో తెగిన పేగును అతికేటప్పుడు సుశ్రుతుడు దారం వదిలేసి నల్లచీమల్ని పిలుస్తాడు. తెగిన అంచుల్ని దగ్గర చేసి చీమతో కరిపించి, ఒళ్లు తుంచేసి తల అక్కడే వదిలేయమంటాడు. చీమ దవడలు లోపలికి వంగిన రెండు కొక్కేలు. కరిచాక వదలవు. నా దృష్టిలో ముళ్ల దారానికి తాత ఆ చీమే.

ముళ్ల దారం అంటే ఇదీ: ఒంటి పోగు దారం, దాని ఒంటి మీద వరసగా ఏటవాలు గాట్లు. ప్రతి గాటుకీ ఒక చిన్న పొలుసు లేస్తుంది. ముందుకు లాగితే పొలుసులు దారానికి అణిగి జారిపోతాయి, వెనక్కి లాగితే విచ్చుకుని కండను పట్టుకుంటాయి. ఇంగ్లీషులో దీన్ని బార్బ్డ్ సూచర్ అంటారు. పొలం గట్ల మీద నడిచినవాళ్లకు ఈ సూత్రం చెప్పక్కర్లేదు. ఉత్తరేణి కంకి ప్యాంటుకు తగులుకుంటే ఒకవైపు దులిపితే పోదు, ఇంకోవైపు దువ్వాలి.

ఉత్తరేణి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. ఆయుర్వేదంలో భగందరానికి వాడే క్షారసూత్రం కూడా సర్జరీ దారమే. నార దారానికి మొత్తం 21 పూతలు పూస్తారు. మొదట జెముడు పాలు 11 సార్లు, తర్వాత జెముడు పాలతో ఉత్తరేణి క్షారం 7 సార్లు, ఆఖరున జెముడు పాలతో పసుపు 3 సార్లు. వినాయకుడి పత్రిలో ఉండే ఆకు, మోర్తాడ్ మండలంలో ఎకరాలకు ఎకరాలు పండే పసుపు. కాకపోతే అది కలిపే దారం కాదు, మెల్లగా కోసే దారం. మన కథ కలిపే దారానిది.

జాన్ అల్కామో అనే అమెరికన్ ముళ్ల దారానికి 1956లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. 1964లో వచ్చింది. 1967లో మెకెంజీ అనే సర్జన్ చేతివేళ్ల టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) అతకడానికి నైలాన్ పోగుకు రెండువైపులా ఎదురెదురుగా ముళ్లు కోసి ప్రయోగం చేసి రాశాడు. ఆలోచన పూర్తిగా అక్కడే ఉంది. బొమ్మలు చూస్తే ఇప్పటి దారానికీ దానికీ తేడా పట్టడం కష్టం. అయినా అది ఆపరేషన్ థియేటర్లోకి మామూలు వస్తువుగా రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. ఆవిష్కరణల చరిత్ర రాసేవాళ్లు ఇలాంటి చోట 'కాలం కన్నా ముందు పుట్టాడు' అని ఒక వాక్యం రాసి సరిపెడతారు. నాకు ఆ వాక్యం నచ్చదు. ఏం లేకపోవడం వల్ల ఆగిందో చెప్పకపోతే అది చరిత్ర కాదు, నివాళి.

మొదట లేనిది పదార్థం. 1950లలో సర్జన్ చేతిలో ఉన్నవి పట్టు, నూలు, స్టీలు తీగ, నైలాన్, గొర్రె పేగు నుంచి తీసే క్యాట్‌గట్. పట్టు, నూలు అనేక పోగులు కలిపి అల్లినవి. గాటు పెడితే పొలుసు లేవదు, పీచు లేస్తుంది. క్యాట్‌గట్ మెలి తిప్పిన పేగు పొర, అదీ అంతే. నైలాన్ మీద గాటు చక్కగా పడుతుంది, కానీ అది కరగదు. ముళ్లున్నది కాబట్టి తర్వాత బయటికి లాగడమూ కుదరదు. బతికినంతకాలం ఒంట్లో ముళ్లుంచుకోవడానికి ఎవరొప్పుకుంటారు?

కరిగే కృత్రిమ దారం మొదటిసారి 1970లో వచ్చింది. పేరు డెక్సాన్, పాలీగ్లైకోలిక్ యాసిడ్‌తో చేసింది. గ్లైకోలిక్ ఆమ్లం చెరకు రసంలో సహజంగా ఉంటుంది. బోధన్ చెరకు చూస్తూ పెరిగిన నాకు ఇది చదివినప్పుడు సంబరంగా అనిపించింది గానీ, ఫ్యాక్టరీలు ఆ ఆమ్లాన్ని రసాయనాల నుంచే తయారుచేస్తాయి. శక్కర్‌నగర్‌లో 2015లో మూతబడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. డెక్సాన్ చేసిన డేవిస్ అండ్ గెక్, మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన లెడర్లే, రెండూ ఒకే అమెరికన్ సయనమిడ్ గొడుగు కింది సంస్థలు. ఆయన 1948లోనే పోయారు కాబట్టి ఈ దారంలో ఆయన చెయ్యి లేదు. అయినా అదీ అల్లిన దారమే. ఆ పదార్థం గట్టిది, ఒంటి పోగుగా లావుగా తీస్తే తీగలా బిర్రుగా ఉంటుంది. మెత్తగా వంగుతూ, ఒంటి పోగుగా ఉండి, నెలల మీద మెల్లగా కరిగే పాలీడయాక్సనోన్ 1980ల మొదట్లో వచ్చింది. అల్కామో దరఖాస్తు పెట్టి అప్పటికి పాతికేళ్లు దాటింది.

రెండోది అవసరం. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లో ముడి వేయడం సర్జన్‌కు ఊపిరి తీసుకున్నంత తేలిక. ఒంటి చేత్తో, చూడకుండా కూడా వేస్తారు. అలాంటివాళ్లకు ముడి లేని దారం ఎందుకు? 1987లో ఫ్రాన్సులోని లియాన్‌లో ఫిలిప్ మురే చిన్న రంధ్రాల గుండా పిత్తాశయం తీశాడు. 1990లో ముంబైలో తెహెంటన్ ఉద్వాడియా మన దేశంలో ఆ పని చేశాడు. చెయ్యి లోపలికి పోదు, పొడుగాటి కడ్డీలే పోతాయి. చర్మం దగ్గర కడ్డీ ఊగుడుబల్లలా తిరుగుతుంది, చెయ్యి ఎడమకు జరిపితే లోపలి కొస కుడికి పోతుంది. తెరమీద లోతు తెలియదు. ఆ స్థితిలో ముడి వేయడం అంటే రెండు చాప్‌స్టిక్‌లతో చెప్పు లేసు కట్టడం. పిత్తాశయం వరకు క్లిప్పులతో గడిచింది. గర్భసంచిలో గడ్డలు తీసి ఆ గుంతను కుట్టాల్సి వచ్చినప్పుడు, ఒకపక్క రక్తం కారుతుంటే, ప్రతి ముడీ నిమిషాలు తింది. ముడి ఇప్పుడు నిజంగా సమస్య అయింది.

ఈ రెండూ కుదిరాకే పేటెంట్లు మళ్లీ కదిలాయి. డ్యూక్ యూనివర్సిటీకి చెందిన ప్లాస్టిక్ సర్జన్ గ్రెగరీ రఫ్ 1990లలో ఏదుపంది ముల్లు ఆధారంగా ఆలోచించాడు. కంపెనీ పేరు, దారం పేరు రెండూ క్విల్, అంటే ఏదుముల్లు. ఇక్కడ చిన్న తిరకాసు. ఉత్తర అమెరికా ఏదుపంది ముల్లు కొసన కంటికి కనబడనంత చిన్న ఎదురు పొలుసులుంటాయి. ఆఫ్రికా ఏదుపంది ముల్లుకు అవి లేవు, మన అడవుల్లోది కూడా ఆ కుటుంబానిదే. 2012లో బోస్టన్‌లో జెఫ్రీ కార్ప్ బృందం ఆ అమెరికా ముల్లును కొలిచింది. పొలుసులున్న ముల్లు బయటికి రావడం కష్టమే కాదు, లోపలికి దిగడం కూడా నున్నని ముల్లు కన్నా తేలికట, దాదాపు సగం బలంతో దిగిపోతుందట. మాస్కోలో మార్లెన్ సులమనిద్జే ఇంకో దారిలో వచ్చాడు. జారిన ముఖ చర్మాన్ని పైకి లాగి పట్టడానికి ప్రోలీన్ లాంటి కరగని దారాలకు ముళ్లు కోశాడు. అందం కోసం పుట్టిన ఆ శాఖ కొన్నాళ్లు బాగా వెలిగి, చాలామందిలో ఫలితం నిలవక వెలవెలబోయింది. క్విల్‌కు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2004లో వచ్చింది. 2009లో కోవిడియెన్ వారి వీ-లాక్ వచ్చింది. తర్వాత ఎథికాన్ స్ట్రాటఫిక్స్ తెచ్చింది. ఇప్పుడు బెంగళూరు హెల్థియం కూడా ట్రూబార్బ్ పేరుతో చేస్తోంది.

నన్ను బాగా పట్టుకున్నది తయారీ. ముళ్ల కంచెలో తీగ వేరు, ముల్లు వేరు, దీనికి దాన్ని చుడతారు. ఇక్కడ ముల్లును దారం లోంచే కోయాలి. పట్టు కావాలంటే లోతుగా కోయాలి, లోతుగా కోస్తే మిగిలే దారం సన్నబడి తెగుతుంది. పట్టు కోసం బలాన్ని ఖర్చు పెట్టడమన్నమాట. దారం మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు, గాటు అందులో ఒక భాగమే. ప్రతి గాటూ అదే లోతు, అదే వాలు ఉండాలి. ఒక్కటి లోతెక్కువైతే దారం అక్కడే తెగుతుంది. అంటే ముడి తీసేశామనుకున్న చోట కొత్త ముడి పుట్టినట్టే. వీ-లాక్‌లో సెంటీమీటరుకు 20 ముళ్లుంటాయి.

గాట్లన్నీ ఒకవైపే పడితే ఆ వైపు దారం బలహీనమై వంగిపోతుంది. దీనికి ఒక పద్ధతి, దారాన్ని మెలితిప్పి బిగబట్టి బ్లేడుతో కోయడం. మెలి వదలగానే వరసలో పడ్డ గాట్లు దారం చుట్టూ మెట్ల బావి మెట్లలా తిరుగుతాయి. చదివినప్పుడు ఎంత చిన్న ఉపాయం అనిపించింది. ఇంకో పద్ధతిలో కోతే లేదు. స్ట్రాటఫిక్స్‌లో ఒక రకానికి ముళ్లను అచ్చులో ఒత్తి తీస్తారు, నడిమి దారం చెక్కుచెదరదు. ముల్లు ఎంత గట్టిగా ఉండాలన్నది కూడా కుట్టే చోటును బట్టి మారుతుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మార్టిన్ కింగ్ బృందం చూపించిందిదే: టెండన్‌కు బిరుసు ముల్లు కావాలి, చర్మానికి వంగే ముల్లు. అది వైద్య విభాగం కాదు, టెక్స్‌టైల్ విభాగం. నేతపని చదువుకున్నవాళ్లు.

కోశాక సూది. సూది వెనక సన్నని బెజ్జం చేసి దారం కొసను దూర్చి నొక్కేస్తారు. తేమ తగిలితే దారం పెట్టెలోనే కరగడం మొదలెడుతుంది కాబట్టి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేసి, ఆరబెట్టి, అల్యూమినియం రేకు సంచిలో మూసేస్తారు. రెండు నమూనాలు బాగా నడిచాయి. క్విల్‌కు రెండు కొసలా సూదులుంటాయి, ముళ్లు నడిమి నుంచి చెరోవైపు తిరిగి ఉంటాయి. గాయం మధ్యలో మొదలుపెట్టి రెండు పక్కలకూ కుట్టుకుపోతారు. వీ-లాక్‌కు ఒకే సూది, ఇంకో కొసన ఉచ్చు. మొదటి పోటు వేసి ఆ ఉచ్చులోంచి సూది తీస్తే సరి. రెండింటిలోనూ బిగువు ఏ ఒక్క చోటా ఉండదు, దారం పొడుగునా పంచుకుంటుంది.

మరి మన 60.7 శాతానికి ఇది కావాలా? 2018లో ఇజ్రాయెల్‌లో 102 మంది సిజేరియన్ తల్లుల మీద జరిగిన పరీక్షలో ముళ్ల దారం గర్భసంచి కుట్టే సమయాన్ని ఒక నిమిషం 43 సెకన్లు తగ్గించింది. రక్తం ఆగడానికి వేసే అదనపు కుట్లు కూడా తగ్గాయి. నాకైతే అది చిన్న లాభమే. సిజేరియన్లో పొట్ట తెరిచే ఉంటుంది, సర్జన్ వేళ్లు అక్కడే ఉంటాయి, ముడి కష్టం కాదు. మామూలు దారం కన్నా ఖరీదైన ఈ దారం నిజంగా పనికొచ్చేది చెయ్యి పోని చోట. బిల్లులో 'సూచర్స్' అని ఒక్క పదం కింద అన్నీ పోతాయి కనక, ఏది ఎవరికి ఎందుకు వాడారో అడిగే హక్కు పేషెంటు దాకా రాదు.

సైజుల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ముళ్లు కోశాక దారం బలం ఒక సైజు సన్నని మామూలు దారంతో సమానమవుతుంది. కొందరు కోయకముందు మందాన్ని అట్ట మీద వేస్తారు, కొందరు కోశాక మిగిలిన బలాన్ని. అందుకని బ్రాండు మారినప్పుడల్లా సర్జన్ ఆ లెక్క మళ్లీ చూసుకోవాలి. పొరపాటున తప్పుచోట పోటు పడితే వెనక్కి లాగడం లేదు, కత్తిరించి మళ్లీ మొదలెట్టడమే. ముడి ఉండదు కాబట్టి చివర ఒకటి రెండు పోట్లు వెనక్కి వేసి దారం కోస్తారు. ఆ కోత ఎక్కడన్నది ముఖ్యం. పొట్టలో కాస్త తోక మిగిలినా దాని ముళ్లు పక్కనున్న పేగునో, పేగు పొరనో పట్టుకుని మెలేస్తాయి. ఆపరేషన్ బాగానే జరిగి ఇంటికెళ్లినవాళ్లు కొన్ని రోజుల తర్వాత పేగు మూసుకుపోయి వాంతులతో తిరిగొచ్చిన కేసులు వైద్య పత్రికల్లో పదేపదే వచ్చాయి. మళ్లీ పొట్ట తెరిచి చూస్తే కారణం ఆ తోకే. అందుకే ఇప్పుడు కణజాలానికి ఆనించి, ఏమీ పైకి కనబడకుండా కోయమని నేర్పుతున్నారు.