జెండా పడ్డాక గెలుపు ఎవరిది?

ఇంటర్నెట్‌లో చదరంగం ఆడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగువు ఒకటుంది. బోర్డు మీద మనం ఓడిపోయే స్థితిలో ఉన్నాం. ఇంతలో అవతలివాడికి టైము అయిపోయింది. ఆ గెలుపు మనం తీసుకోవచ్చా? "రూలు ప్రకారం నీదే, ఇంకేం కావాలి" అంటారు కొందరు. "పెద్దమనిషి చేసే పనేనా అది" అంటారు ఇంకొందరు. రెండు పక్షాలూ ధర్మం తమ వైపే ఉందంటాయి. ధర్మం అన్న మాట వినబడగానే, అది ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరం కోసం పుట్టింది అని అడగడం మనబోటి వాళ్ళకు అలవాటు. ఇక్కడా అదే అడుగుదాం.

1851లో లండన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ టోర్నమెంటులో టైముకు హద్దు లేదు. ఎంతసేపు ఆలోచించాలన్నది ఆటగాళ్ళ మర్యాదకే వదిలేశారు. ఏమైంది? టోర్నమెంటు నడిపించిన హొవార్డ్ స్టాంటన్ మూడో స్థానం కోసం ఎలైజా విలియమ్స్‌తో ఆడి ఓడిపోయాడు. విలియమ్స్ మరీ నత్తనడకన ఆడాడని దుమ్మెత్తిపోశాడు. ఆ ఫిర్యాదులో నిజమెంత, ఓడిపోయిన మంట ఎంత? విలియమ్స్ తప్పు చేశాడనడానికి అతను మీరిన రూలంటూ ఏదీ లేదు. మర్యాదకు కొలత లేకపోతే మిగిలేది తిట్లే.

తర్వాత వచ్చిన ప్రతి పరికరమూ ఇలాంటి తగువుకు జవాబే. 1861లో ఆండర్సన్, కోలిష్‌ల మ్యాచిలో ఇసుక గడియారాలు పెట్టారు. 1883 లండన్ టోర్నమెంటులో మాంచెస్టర్‌కు చెందిన విల్సన్ చేసిన జంట గడియారం వచ్చింది. ఉయ్యాల బల్లలాంటి చెక్క మీద రెండు గడియారాలు, ఒకటి నడిస్తే రెండోది ఆగుతుంది. అయినా నిమిషాల ముల్లు గీత దాటిందా లేదా అన్న వాదన పోలేదు. అందుకే ముల్లు పైకెత్తి వదిలేసే చిన్న జెండా వచ్చింది. పడిందంటే పడినట్టే.

పడిందన్నది చూడాల్సింది మాత్రం మనిషే. 1942లో న్యూయార్క్‌లో జరిగిన అమెరికా ఛాంపియన్‌షిప్‌లో, డెంకర్‌తో ఆడుతున్న రెషెవ్‌స్కీకి టైము అయిపోయింది. టోర్నమెంటు డైరెక్టర్ స్టీఫెన్స్ గడియారం వెనక నిలబడి ఉన్నాడు. దాన్ని ఎత్తి తన వైపు తిప్పుకునేసరికి కుడి ఎడమైంది. టైము మించింది డెంకర్‌కని ప్రకటించేశాడు. చూస్తున్నవాళ్ళు గోల పెట్టినా తీర్పు మార్చనన్నాడు. రెషెవ్‌స్కీ ఆ పాయింటు వద్దనలేదు. చివరికి కాష్డన్‌తో సమానంగా నిలిచి, ప్లే-ఆఫ్ గెలిచి ఛాంపియన్ అయ్యాడు. నా దృష్టిలో టైము గెలుపుల చరిత్రలో అసలైన మచ్చ ఇదీ. ఒకడు టైము మీద గెలవడంలో తప్పేమీ లేదు. కళ్ళెదుట సాక్ష్యం ఉండగా దాన్ని మళ్ళీ చూడటానికి అధికారి ఒప్పుకోకపోవడమే తప్పు.

ఇక ఇంటర్నెట్ సంగతి. 1992లో ఇంటర్నెట్ చెస్ సర్వర్ మొదలైనప్పుడు, లైను మందగిస్తే ఆ ఆలస్యం ఆటగాడి ఖాతాలోనే పడేది. తర్వాత టైమ్‌స్టాంప్ అనే ఏర్పాటు చేశారు. మనం ఎత్తు వెయ్యడానికి పట్టిన సమయాన్ని మన కంప్యూటరులోనే లెక్కగట్టి పంపుతుందన్నమాట. 1995లో వచ్చిన ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్‌లో అవతలివాడికి టైము అయిపోతే "ఫ్లాగ్" అని టైపు చేసి గెలుపు అడగాలి. ఆ పని దానంతటదే జరిగేలా ముందే పెట్టుకోనూ వచ్చు. లీచెస్‌లో ఆట మధ్యలో అవతలివాడు మాయమైతే, కొంతసేపటికి గెలుపు తీసుకుంటావా, డ్రా చేస్తావా, ఆగుతావా అని మనల్నే అడుగుతుంది. యంత్రం ఎంత ఎదిగినా ఆ నిర్ణయం కొంత మన చేతిలోనే మిగిలింది.

మరి ఏం చెయ్యాలి? అవతలివాడు ఆలోచించి ఆలోచించి టైము మించాడా, ఆ గెలుపు నిస్సంకోచంగా తీసుకోవచ్చంటాను. బోర్డు మీద వాడికున్న మంచి స్థితి ఊరికే రాలేదు, నిమిషాలు ఖర్చుపెట్టి కొనుక్కున్నదే. మనం ఆ నిమిషాలు దాచుకున్నాం. వాడి సరుకుకు విలువ ఉండి మన పొదుపుకు లేదంటే ఎలా? టైము అయిపోయినా, అవతలివాడు ఎలా ఆడినా ఆటకట్టించలేని స్థితైతే డ్రా అని ఫిడే నియమం ఉండనే ఉంది. అదీ చాలదనుకుంటే రూలు మార్చాలి. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే గడియారానికి బాబీ ఫిషర్ 1988లో పేటెంటుకు దరఖాస్తు చేసింది అలాగే. నీతిబోధల కన్నా ఆ సెకన్లే ఎక్కువ తగువులు తీర్చాయి.

కరెంటు పోయి, లైను తెగి టైము అయిపోతే? 2020 ఆన్‌లైన్ ఒలింపియాడ్ చూడండి. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్న జట్టది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌ల లైన్లు తెగి టైము మీద ఓడిపోయారు. రష్యాను విజేతగా ప్రకటించారు. మనవాళ్ళు అప్పీలు చేశారు. ఆ రోజు ప్రపంచంలో చాలాచోట్ల ఇంటర్నెట్ దెబ్బతిన్నదని తేలాక ఫిడే అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ రెండు దేశాలకూ స్వర్ణం ఇచ్చాడు. న్యాయమే జరిగిందని పండగ చేసుకున్నాం.

దానికి రెండు రోజుల ముందు, క్వార్టర్ ఫైనల్లో, నిహాల్‌తోనే ఆడుతున్న ఆర్మేనియా కుర్రాడు మార్తిరోస్యాన్ లైను తెగి టైము మీద ఓడిపోయాడు. ఆ దేశమూ అప్పీలు చేసింది. కొట్టేశారు. రెండో మ్యాచి ఆడకుండా వాళ్ళు వెళ్ళిపోయారు. మనం ముందుకెళ్ళాం.

రెండూ ఒకటే అనను. ఒక చోట లోపం ప్రపంచానికంతా కనబడింది, రెండో చోట ఒక్క ఆటగాడి లైను దగ్గరే తగువు. తీర్పులు వేరువేరుగా ఉండటానికి కారణం ఉండొచ్చు. కానీ ఫైనల్లో సాక్ష్యం చూడమని గట్టిగా అడిగిన మనలో ఎంతమంది రెండు రోజుల ముందు ఆర్మేనియా సాక్ష్యం ఏమిటో తెలుసుకోవాలనుకున్నాం? గడియారం మన వైపు ఉన్నప్పుడు రూలు, ఎదురుతిరిగినప్పుడు న్యాయం అంటే, అది దేవుడు వరమిస్తే మహిమ, ఇవ్వకపోతే కర్మ అనే తర్కం లాంటిదే.

క్రీడాస్ఫూర్తి అంటే టైము గెలుపును వదులుకోవడం అని నేననుకోను. నేను ఓడినప్పుడు ఏ కొలత అడుగుతానో, గెలిచినప్పుడూ దానికే తల వంచడం. మీరేమంటారు?