దండయాత్రకు ధర్మపన్నములు

1511వ సంవత్సరమున హిస్పానియోలా ద్వీపమందు మొంతెసినోస్ అను క్రైస్తవ సన్న్యాసి, ఏ హక్కుతో ఈ జనులను బానిసలుగా చేసితిరని స్పెయిను వలసదారులను ఆలయమందే నిలదీసెను. ఆ ప్రశ్నకు రాజాస్థానము వెదకుకొనిన సమాధానములలో 1513లో పలాసియోస్ రూబియోస్ అను ధర్మశాస్త్రజ్ఞుడు రచించిన ప్రకటనపత్ర మొకటి. దేవుడు లోకమును సృజించెననియు, పీటరునకు సర్వమానవులపై ఆధిపత్య మొసగెననియు, ఆయన పీఠమెక్కిన పోపులలో నొకరు ఈ భూములను స్పెయిను ప్రభువులకు దానము చేసిరనియు సావధానముగా వివరించి, లొంగనివారిపై యుద్ధము చేసి ఆలుబిడ్డలను బానిసలుగా పట్టుకొందుమనియు, అందు కలుగు మరణములకు దోషము మీదే కాని రాజుగారిది కాదనియు హెచ్చరించి, ఇట్లు చదివినట్లు వ్రాతమూలకముగ సాక్ష్యమిమ్మని ప్రక్కనున్న లేఖరిని కోరుటతో ఆ పత్రము ముగియును. వినువారికి స్పానిషు రాదు. ఒక్కొక్కచోట వినువారే లేరు. 1514లో పెడ్రారియాస్ అను స్పానిషు సేనాని దండుతో వెళ్లిన చరిత్రకారుడు ఓవియెడో, నిర్మానుష్యమైన పల్లెలో ఆ కాగితమును చేతబట్టుకొని, ఈ జనులలో ఒకనిని పట్టి బోనులో పెట్టి తీరికగా బోధించువరకు దీనిని దాచియుంచుడని దళపతితో పరిహాసమాడిన వైనమును తానే వ్రాసియున్నాడు. ఓడినవారిని ఒప్పించుటకు కాదు, ఇంటనున్న ప్రభువు మనస్సు కుదుటపడుటకే ఆ తతంగమంతయు.

ఇట్టి మరియొక సమర్థనయైన దున్నినవానిదే భూమియను వాదము తరువాతికాలమున ఉత్తర అమెరికాలో ఆంగ్లేయుల కక్కరకు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమునకు ప్రభువు స్థానమున ఓటరు కూర్చుండెను. సమర్థనయు వేషము మార్చెను. 1885 జూలై 28న, మడగాస్కరు దండయాత్రకు ధనము మంజూరు చేయు సందర్భమున, టాంకిన్ (ఉత్తర వియత్నాము) యుద్ధపు దుర్వార్తవలన నాలుగు నెలల క్రిందటనే ఫ్రాన్సు ప్రధానిపదవి కోల్పోయిన జూల్ ఫెర్రీ పారిస్ సభలో లేచి, ఇరుగుపొరుగు దేశములు సుంకములు పెంచుచుండగా సరకులకు క్రొత్త విపణులు కావలెననియు, యుద్ధనౌకలో 14 దినములకు మించి బొగ్గు పట్టదు గనుక దారిపొడుగున రేవులు కావలెననియు, అన్నిటికిమించి హీనజాతులను నాగరికులను చేయు కర్తవ్యము కలదు గనుక ఉన్నతజాతులకు వారిపై హక్కును కలదనియు వాదించెను. ఈ మూటిలో బొగ్గులెక్కయే నిజాయితీ గలదని నాకు తోచును. ఫ్రాన్సులో ప్రాథమికవిద్యను ఉచితముగను నిర్బంధముగను చేసిన మంత్రియు ఈయనయే. ఖండాంతరప్రజలు ఆయనకు పల్లెబడి పిల్లలవలె కనబడిరి కాబోలు. మన గోదావరిపాయ యొడ్డున నున్న యానామును అప్పుడా సామ్రాజ్యములోనిదే.

కొలది దినములలో అదే సభలోని సభ్యుడు క్లెమాన్సో ఫెర్రీకి బదులు చెప్పెను. 1870 యుద్ధానంతరము, ఫ్రెంచివారు తమకంటె తక్కువజాతి గనుకనే ఓడిరని జర్మను పండితులు శాస్త్రోక్తముగ నిరూపించుట విన్ననాటినుండి, ఒక జాతిని హీనమనుటకు తాను వెనుకాడుచున్నాననెను. హిందువులు హీనజాతియా, చైనీయులు హీనజాతియా యని అడిగెను. సభ ఆలకించెను, ధనమును మంజూరు చేసెను. 1896లో మడగాస్కరు ఫ్రెంచి వలస యయ్యెను. 1906లో ప్రధానమంత్రి యైన క్లెమాన్సో ప్రభుత్వమే మరుసటి యేట మొరాకోలోని కాసాబ్లాంకాపై యుద్ధనౌకలను పంపి సేనలను దింపెను. అందుకు చూపిన కారణము, అచ్చటి యూరోపీయుల ప్రాణరక్షణము.