జోడు దుర్భిణి మంచిచెడ్డలు

క్రీ. శ. 1608 అక్టోబరు నెలలో హాలెండు దేశపు ప్రతినిధి సభకు ఒక వింత విజ్ఞప్తి వచ్చినది. మిడిల్‌బర్గు పట్టణంలో కళ్ళజోళ్ళు చేసే హాన్స్ లిపర్‌షే, దూరపు వస్తువులను దగ్గరగా చూపే గొట్టం ఒకటి తయారుచేసి, దానికి పేటెంటు కోరినాడు. సభవారు దానిని పరీక్షింపజేసి తృప్తిపడినారు. అయితే ఒక కన్ను మూసుకొని చూడడం వారికి నచ్చలేదు. రెండు కళ్ళతో చూడదగినట్లుగా, స్ఫటికపు కటకాలతో చేసి తెమ్మన్నారు. డిసెంబరులో అతడు దానిని తెచ్చినాడు. మళ్ళీ పరీక్ష జరిగినది. పరికరం బాగున్నదని తేలినది. ఆ రహస్యం ఇతరులకు కూడా తెలుసునన్న కారణాన పేటెంటు దక్కలేదు గాని, డబ్బు ముట్టినది.

ఈ విధంగా జోడు దుర్భిణి, అనగా బైనాక్యులర్, పుట్టుకతోనే పరీక్షకు నిలిచినది. అప్పటికే ఆ డచ్చివారు కృష్ణా డెల్టా రేవైన మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకొన్నారు. బందరులోని వలందపాలెం పేరు వారి గుర్తే. నాటినుండి ఈ పరికరంలోని దోషాలను ఒక్కొక్కటిగా శాస్త్రజ్ఞులు సవరిస్తూ వచ్చినారు. నేటి చవక పరికరాలలో కన్పించే లోపాలు చాలావరకు ఆ పాత దోషాలే. కనుక ఈ చరిత్ర తెలిసినవారు కొనేటప్పుడు సులభంగా మోసపోరు.

మొదటి దోషం ఇరుకు చూపు. 1609లో గెలీలియో చేసిన దుర్భిణిలో కంటివద్ద పుటాకార కటకం ఉండేది. ప్రతిబింబం నిటారుగానే ఉండేది గాని, తాళపు కప్ప రంధ్రంలోనుండి చూసినట్లు కొద్ది భాగమే కన్పించేది. తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ దుర్భిణులు సాధారణంగా ఈ తరహావే. 1611లో కెప్లర్ రెండు చోట్లా కుంభాకార కటకాలు వాడవచ్చునని చూపినాడు. చూపు విశాలమైనది, అయితే దృశ్యం తలక్రిందులైనది.

రెండవ దోషం రంగుల అంచు. కటకపు అంచు పట్టకంవలె కాంతిని రంగులుగా విడదీస్తుంది. 1758లో లండన్‌లో జాన్ డాలండ్ రెండు రకాల గాజులను జతచేసిన కటకానికి పేటెంటు పొంది, ఈ దోషాన్ని చాలావరకు తగ్గించినాడు. దుర్భిణికి దోషమైన ఈ గుణమే మరొకచోట వరమైనది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్ సూర్యకాంతిని రంగులుగా విడదీసి చూసినారు. నాడు కన్పించిన ఒక పసుపు రేఖ తరువాత హీలియం మూలకానికి దారి చూపినది. అక్కడ ఫలితమిచ్చినది ఆవర్ధనం కాదు, గాజు పనితనం.

తలక్రిందుల చిక్కును విప్పినవాడు ఇటలీ దేశీయుడు పొర్రో. 1854లో ఆయన రెండు పట్టకాలలో కాంతిని నాలుగుసార్లు సంపూర్ణ పరావర్తనం చెందించి దృశ్యాన్ని నిటారు చేసినాడు. అయితే నాటి గాజు, నాటి బిగింపు ఆ ఆలోచనకు తగినవి కావు. మంచి గాజు సిద్ధమైన పిమ్మట, 1894లో అబ్బే కృషి ఫలితంగా జెయిస్ సంస్థ పట్టకాల బైనాక్యులర్‌ను అమ్మకానికి తెచ్చినది.

మిగిలినది కాంతి నష్టం. గాజు తలం ఒక్కొక్కటి సుమారు 4 శాతం కాంతిని వెనుకకు త్రిప్పుతుంది. పది తలాలు ఉన్నచోట మూడవ వంతు కాంతి పోతుంది. 1935లో జెయిస్ సంస్థలోని స్మకూలా కటకాలపై పలుచని పూత పూసి ఈ నష్టాన్ని తగ్గించినాడు.

ఇక పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. 8×40 అనగా 8 రెట్ల ఆవర్ధనం, 40 మిల్లీమీటర్ల వస్తుకటకం. రెండవ అంకెను మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజపు వెడల్పు వస్తుంది. ఇక్కడ 5 మిల్లీమీటర్లు. 20×50 అన్నది గొప్పగా తోచినా, దాని వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లే. పైగా చేతిలో దృశ్యం వణుకుతుంది. పరికరాన్ని చేతి దూరంలో ఉంచి, సూర్యుడు లేని దిక్కున ఆకాశంవైపు పట్టితే, కంటి కటకాలలో వెలుగు గుండ్రని బిళ్ళలుగా కన్పించవలెను. అంచులు నలుపలకలుగా మసకబారితే పట్టకాల గాజు తక్కువ రకమో, పరిమాణం చాలనివో అయి ఉంటాయి. వస్తుకటకంలో ట్యూబులైటు ప్రతిబింబం తెల్లగా మెరిస్తే పూత లేదన్నమాట. ఊదాగానో, ఆకుపచ్చగానో మసకగా ఉంటే పూత ఉన్నట్లే.

ప్రకాశం బ్యారేజీమీదినుండి ఇంద్రకీలాద్రిపై దుర్గమ్మ ఆలయ గోపురాన్ని ఆకాశం నేపథ్యంలో చూస్తే రంగుల అంచు ఎంతో తెలుస్తుంది. రాత్రి ఒక నక్షత్రాన్ని చూసినప్పుడు రెండుగా కన్పిస్తే రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు లేవని అర్థం. ఇది అన్నిటికంటె చెడ్డ లోపం. కళ్ళు దానిని బలవంతాన సరిచేసుకోబోయి తలనొప్పి తెచ్చుకుంటాయి. మధ్య కీలు వదులుగా ఉన్నా, కదిపినప్పుడు లోపల చప్పుడైనా కొనరాదు. డెల్టా తేమలో కటకాలకు బూజు పట్టుతుంది. సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో ఉంచవలెను. దీనితో సూర్యుని క్షణమైనా చూడరాదు, చూపు పోతుంది.

ఈ పరీక్షలకు నిలిచిన 8×40 పరికరం ఖరీదైనది కానక్కరలేదు. దానితో పగటివేళ కొల్లేటి ఆటపాకలో గూడబాతుల రెక్కలు, రాత్రివేళ మోచేతులు గోడకు ఆనించుకొంటే 1610లో గెలీలియో కనుగొన్న బృహస్పతి ఉపగ్రహాలు బడిపిల్లలకు కన్పిస్తాయి.