అప్పులపాలైనవారికి చట్టం ఇచ్చే ఆసరా (అబిడ్స్, నాంపల్లి)

హైదరాబాదులో అప్పు తీర్చలేక చిక్కుల్లో పడ్డవారు ఎక్కే గడపల్లో కొన్ని అబిడ్స్, నాంపల్లి ప్రాంతానివి. బ్యాంకుల పెద్ద బాకీలను విచారించే డెట్స్ రికవరీ ట్రైబ్యునల్ (డి.ఆర్.టి.) అబిడ్స్ త్రివేణి కాంప్లెక్స్ చిరునామాతో పనిచేసింది, చెక్కు బౌన్స్ కేసులు నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో నడుస్తాయి. రెండుచోట్లా అప్పుపడ్డవారికీ హక్కులున్నాయి. కానీ అవన్నీ గడువులతో ముడిపడినవి. భయంతో నోటీసు కవరు విప్పకుండా బీరువాలో దాచేస్తే, ఆ గడువులు తెలియకుండానే దాటిపోతాయి.

ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న రుణం మొండిబాకీ అయితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు ముందు 60 రోజుల నోటీసివ్వాలి. అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబు చెప్పాలి. స్వాధీన నోటీసు గోడకు అంటించాక డి.ఆర్.టి.లో దరఖాస్తు వేయడానికి 45 రోజులుంటాయి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం.

చెక్కు బౌన్సైతే, నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టినవారిపై కేసు ఉండదు. కేసు పడ్డాక కూడా రాజీపడవచ్చు. ఆ రాజీ లోక్ అదాలత్‌లో కుదిరితే, దాని తీర్పుపై అప్పీలు లేదు కనుక, నెలనెలా నిజంగా కట్టగలిగిన వాయిదాకే తలూపాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు, ఫోను 15100.

ఇక "ఐ.పి. పెట్టాడు" అన్న మాట. జనం దాన్ని తిట్టులా వాడతారు, అది అన్యాయం. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి చట్టం నిజాయితీగా చితికిపోయినవారికి చూపిన దారి. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, కంపెనీల హామీదారులకు తప్ప మామూలు వ్యక్తులకు అందులోని భాగం అమల్లోకి రాలేదు. అందుకే పాత చట్టమే దిక్కు. సిటీ సివిల్ కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి రిసీవరు చేతికి వెళ్తుంది, అరెస్టు నుంచి రక్షణ కోరవచ్చు. తాకట్టు మీద బ్యాంకుకున్న హక్కు మాత్రం పోదు. వంటగిన్నెలు, పడకలు, కట్టుబట్టలు, చేతివృత్తివారి పనిముట్లు, ఆచారం ప్రకారం స్త్రీ తీయరాని మంగళసూత్రం వంటి నగలు అప్పులవాళ్లు ముట్టుకోవడానికి వీల్లేదు.