పుట్టగొడుగు: పేరులోనే ఉన్న ఆనవాలు

‘పుట్టగొడుగు’ అన్న మాటను మనం అలవాటుగా పలుకుతాము. అందులోని పుట్టను మరచిపోతాము. బజారులో అమ్మే తెల్లని బటన్ రకానికీ అదే పేరు పెట్టుకున్నాము గాని, దానికి పుట్టతో సంబంధమే లేదు. ఆ పేరు వచ్చినది చెదపుట్ట వల్ల. తొలకరి తరువాత ములుగు జిల్లా తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో కోయ కుటుంబాలు వెదికేది ఆ పుట్టలనే. కిందటి ఏడు ఏ పుట్ట మీద లేచాయో గుర్తుంచుకొని, ఈ ఏడూ అక్కడికే వెళతారు.

ఈ అలవాటు వెనుక ఉన్న సంగతిని గ్రంథస్థం చేసిన తొలివారిలో ఒకరు వైద్యుడు కావడం నాకు సంతోషం కలిగిస్తుంది. లిన్నేయస్ శిష్యుడైన యొహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చాడు. చెదపుట్టల లోపలి శిలీంధ్రపు తోటలను గురించి 1779లో జర్మన్ భాషలో ప్రకటించాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. చెదలు కట్టెను తామే పూర్తిగా అరిగించుకోలేవు. ఆ పనిని శిలీంధ్రం చేత చేయించుకుంటాయి. వానలకు ఆ తోటలోనుంచే గొడుగు పైకి లేస్తుంది. అందువల్ల దానిని మెల్లగా తవ్వి చూస్తే, కాడ కింద వేరువంటి పొడవాటి భాగం పుట్ట లోతుల్లోకి దిగి ఉంటుంది. 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ ఈ ప్రజాతికి ‘టెర్మిటోమైసీస్’ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రమని అర్థం. మన పూర్వులు ఏనాడో పెట్టిన పేరుకు అది దాదాపు అనువాదమే!

మన వైద్య గ్రంథాలూ చోటునే చూశాయి. సుశ్రుత సంహిత వీటిని గడ్డి, చెరకు, పేడ, వెదురు, నేల అంటూ మొలిచిన తావును బట్టి విడదీసింది. చరక సంహిత ‘సర్పచ్ఛత్రకం’ అనేదానిని పక్కన పెట్టి, తక్కినవాటి గుణాలు చెప్పింది. మనుస్మృతి మాత్రం ద్విజులకు వీటిని మొత్తంగా నిషేధించింది. నిషేధించిన వంటింట్లో పరిజ్ఞానం నిలవదు. అది తినేవారి వద్దనే, తల్లి వెంట అడవికి నడిచిన పిల్లల కళ్లలోనే నిలిచింది.

ఆ కన్ను లేనివారు పరీక్షలను నమ్ముకున్నారు. కూరలో వేసిన వెండి నాణెం నల్లబడితే విషమట. వెల్లుల్లి రంగు మారితే విషమట. పురుగు కొరికినదైతే క్షేమమట. ఇవేవీ నిజం కావు. ప్రాణం తీసే అమటాక్సిన్ వెండిని నల్లబరచదు. ఉడికించినా, ఎండబెట్టినా నశించదు.

అడవిలో ఆరితేరిన కన్ను కూడా మరో నేల మీద మోసపోతుంది. 2011 చివరి రాత్రి ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఒక చైనా వంటమనిషి వండిన పుట్టగొడుగుల వల్ల ఆయనతోపాటు మరొకరు మరణించారు. అవి ‘డెత్ క్యాప్’ అనే రకానివి. ఐరోపా నుంచి తెచ్చి నాటిన ఓక్ చెట్ల కింద మొలుస్తాయి. లేతగా ఉన్నప్పుడు ఆసియావాసులు ఇష్టపడే వరిగడ్డి పుట్టగొడుగును అచ్చంగా పోలి ఉంటాయి. కాలిఫోర్నియాలోనూ ఇవి ఉన్నాయి. మీ పిల్లలు ఆ దేశాల్లో ఉంటే ఈ ఒక్క సంగతి తప్పక చెప్పండి.

ఇక తిన్న తరువాత గడియారం చూడవలసి ఉంటుంది. రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలైతే అది తరచు కడుపుకే పరిమితమైన విషం. ఆరు గంటలు దాటాక మొదలైతే భయపడాలి. అటువంటి రోగి మరునాటికి తేరుకున్నట్టు కనిపిస్తాడు. ఇంటివారు గండం గడిచిందనుకుంటారు. కాలేయం చెడుతున్నది ఆ సమయంలోనే. మూడవ రోజుకు కామెర్లు బయటపడవచ్చు. కాబట్టి వాంతులు తగ్గాయని ఆగకండి. అదే కూర తిన్న వారందరినీ, బాగున్నవారిని సైతం, పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. వండగా మిగిలిన పుట్టగొడుగు ఉంటే కాగితంలో చుట్టి వెంట పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే త్వరగా కుళ్లిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది.