ఆరు గంటలు దాటాక: మెదడులో గడ్డ తీసే వైద్యం, నాందేడ్ నుంచి హైదరాబాద్ దారి

మెదడుకు నెత్తురు తీసుకెళ్లే పెద్ద నాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషాల్లో మూతి వంకరపోతుంది, మాట ముద్దవుతుంది, ఒక పక్క కాలూ చేయీ పడిపోయి పక్షవాతం వస్తుంది. గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టాన్ని మెడ దాటించి, ఆ గడ్డను పట్టి బయటికి లాగే చికిత్స థ్రాంబెక్టమీ. జబ్బు మొదలైన ఆరు గంటల లోపే దీన్ని చేయాలన్న నియమం 2018 మొదటి దాకా నడిచింది. ఆ తర్వాత కొందరు రోగులకు గడువు 24 గంటల దాకా పెరిగింది. పెద్ద ఆసుపత్రి గడప ముందే ఉన్న మహానగరవాసి కన్నా, దానికి అయిదారు గంటల దూరంలో ఉండే నాందేడ్ జిల్లావాసికి ఈ మార్పు ఎక్కువ పనికొస్తుంది.

గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్ 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. సికింద్రాబాద్‌ను మన్మాడ్‌తో కలిపిన హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి నిజామాబాద్, నాందేడ్‌ల మీదుగా పట్టాలు పరిచింది. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయాక దాని స్థానంలో 1920లలో లేచిన ఉస్మానియా ఆసుపత్రి అప్పటి రాజధానిలో పెద్ద ధర్మాసుపత్రి. భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది కానీ రైలు దారి మారలేదు. తెలుగు మాట వినిపించే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాలకు నిజామాబాద్, హైదరాబాద్‌లే దగ్గరి దిక్కు. నాందేడ్‌లో 1988లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇప్పుడది శంకర్‌రావు చవాన్ పేరుతో నడుస్తోంది. అయినా పెద్ద వైద్యానికి హైదరాబాదే దగ్గర: నాందేడ్ నుంచి రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు. ముంబై అంతకు రెట్టింపు దూరం.

పక్షవాతానికి ఆకు పసర్లు, నూనె మర్దనలు, పావురం నెత్తురు పూయడం తెలుగు పల్లెల్లో పాత ఆచారాలు. వాటిని వెక్కిరించడం తేలిక. అయితే 1990ల మధ్య దాకా పెద్దాసుపత్రి కూడా మూసుకుపోయిన నాళాన్ని తెరిచే పని చేయలేదన్నది గుర్తుంచుకోవాలి. బీపీ చూసి, ఆస్పిరిన్ ఇచ్చి, కాళ్లూ చేతులకు కసరత్తు చేయించి ఇంటికి పంపేవారు.

ఆ పరిస్థితిని మార్చింది 1995 డిసెంబర్‌లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన. మూడు గంటల లోపు ఆల్టెప్లేస్ అనే గడ్డ కరిగించే మందును నరానికి ఎక్కిస్తే వైకల్యం తగ్గుతుందని అది తేల్చింది. మరుసటి ఏడాది ఆ దేశంలో మందుకు అనుమతి వచ్చింది. 2008లో యూరప్ పరిశోధన గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. అయితే మందుకు ముందు సీటీ స్కాన్ తప్పనిసరి: నాళం చిట్లి నెత్తురు కారిన పక్షవాతానికి ఈ మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా మెదడు మొదట్లోని పెద్ద నాళాన్ని మూసిన పొడవాటి గడ్డ చాలాసార్లు మందుకు లొంగదు. బతికినా మంచాన పడేసేది ఎక్కువగా ఆ రకం గడ్డే.

గడ్డ దాకా వెళ్లే దారి అప్పటికే తెలుసు. 1927లో లిస్బన్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు నాళాలను ఎక్స్‌రేలో చూపించాడు. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్, కోత లేకుండా సూది గుండా తీగ, తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతి చెప్పాడు. నేటి క్యాథ్‌ల్యాబ్‌లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. 1999లో వచ్చిన ప్రోయాక్ట్–2 పరిశోధనలో గడ్డ దగ్గరికే గొట్టం పంపి, ఆరు గంటల లోపు గడ్డ కరిగించే మరో మందు వదిలారు. సొంతంగా బతకగలిగిన వారు 25 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు. ఆ మందుకు అమెరికాలో అనుమతి దక్కలేదు. ఆరు గంటలన్న అంకె మాత్రం వైద్యుల మనసుల్లో పాతుకుపోయింది. అది ప్రకృతి గీసిన గీత కాదు, ఒక పరిశోధన పెట్టుకున్న హద్దు.

2004లో అమెరికా అనుమతించిన మెర్సీ పరికరం సీసా బిరడా తీసే మెలితీగలా ఉండేది. గడ్డలోకి గుచ్చి లాగేవారు. కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు తెగి ముక్కలయ్యేది. తర్వాత గడ్డను పీల్చే గొట్టాలు వచ్చాయి. అసలు మలుపు స్టెంట్ రిట్రీవర్‌తో వచ్చింది. నాళం గోడ ఉబ్బిన చోట తీగచుట్టలు జారకుండా ఆపడానికి చేసిన సాలిటేర్ అనే వల లాంటి స్టెంట్, గడ్డను అల్లుకుని పట్టి తెస్తుందని వాడుకలో బయటపడింది. 2012లో అమెరికాలో అది గడ్డ తీసే పరికరంగా అనుమతి పొందింది.

అయినా 2013లో మూడు పెద్ద పరిశోధనలు ఒకేసారి వెలువడి, గడ్డ లాగడం వల్ల అదనపు లాభం కనిపించలేదన్నాయి. ఈ రంగం అంతటితో మూతపడేదే. లోపం ఆలోచనలో కన్నా ఆచరణలో ఉంది: చాలామంది రోగులకు పెద్ద నాళం నిజంగా మూసుకుందో లేదో ముందే చూడలేదు, వాడినవి ఎక్కువగా పాత పరికరాలు, మొదలుపెట్టడంలో ఆలస్యం. నెదర్లాండ్స్‌లోని 16 ఆసుపత్రులు 500 మందితో చేసిన ఎంఆర్ క్లీన్ పరిశోధన ఈ లోపాలను సరిదిద్దింది. 2014 చివర వెలువడిన దాని ఫలితాల్లో, సొంత పనులు తామే చేసుకోగలిగిన వారు మందులతోనే సరిపెట్టిన వర్గంలో 19 శాతమైతే, గడ్డ తీసిన వర్గంలో దాదాపు 33 శాతం. 2015లో మరో నాలుగు పరిశోధనలు అదే చెప్పాయి.

నాందేడ్ లెక్కలో చూస్తే ఆ విజయం అప్పటికి దూరపు వార్తే. లక్షణం గుర్తించడం, ఊరి నుంచి నాందేడ్ చేరడం, స్కాన్ తీయించడం, అక్కడి నుంచి హైదరాబాద్ ప్రయాణం కలిపితే ఆరు గంటలు ఎక్కడా చాలవు. తెల్లవారి లేచేసరికి చేయి పడిపోయిన మనిషికైతే జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. అలాంటివారు ఏ ఊళ్లో ఉన్నా నియమం ప్రకారం అనర్హులే.

ఈ ముడి విప్పే ఆలోచన అప్పటికే నాలుగు దశాబ్దాల పాతది. నెత్తురు బాగా తగ్గినా మెదడు కణజాలమంతా ఒక్కసారిగా చావదని 1970లలో లండన్‌లో బబూన్ కోతులపై చేసిన ప్రయోగాలు చూపాయి. నడుమ చచ్చిన భాగం, దాని చుట్టూ పని ఆపినా ప్రాణం నిలుపుకున్న భాగం ఉంటాయి. ఈ రెండో భాగాన్ని ఆస్ట్రప్, సైమన్, సిస్యో పెనంబ్రా అన్నారు. అది ఎంతసేపు నిలుస్తుందన్నది పక్క నాళాల నుంచి వచ్చే నెత్తురును బట్టి ఉంటుంది. ఒకరికి రెండు గంటల్లోనే అంతా ముగుస్తుంది, మరొకరికి పది గంటలైనా చాలా భాగం బతికే ఉంటుంది. కాబట్టి గడియారం అందరికీ ఒకే న్యాయం చేయదు. సీటీ పెర్ఫ్యూజన్, ఎంఆర్ఐ స్కాన్‌లు, వాటిని నిమిషాల్లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక చచ్చినదెంత, దక్కేదెంత అని ఒక్కో రోగికి విడివిడిగా చూడడం వీలైంది.

దీన్ని రెండు పరిశోధనలు పరీక్షకు పెట్టాయి. రౌల్ నొగేరా, ట్యూడర్ జోవిన్ నడిపిన డాన్ పరిశోధనలో 206 మంది చేరారు. అందరూ ఆఖరుసారి బాగున్న సమయం నుంచి 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవారే. సగానికి పైగా నిద్రలో పక్షవాతం వచ్చినవారు. మూడు నెలల తర్వాత స్వతంత్రంగా ఉన్నవారు గడ్డ తీసిన వర్గంలో 49 శాతం, తీయని వర్గంలో 13 శాతం. తేడా స్పష్టం కావడంతో పరిశోధనను ముందే ఆపేశారు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్రెగరీ ఆల్బర్స్ నడిపిన డిఫ్యూజ్–3 పరిశోధన 6 నుంచి 16 గంటల మధ్య వచ్చిన 182 మందిని చూసింది: స్వతంత్రంగా ఉన్నవారు గడ్డ తీసిన వర్గంలో 45 శాతం, తీయని వర్గంలో 17 శాతం. మరణాలు కూడా 26 నుంచి 14 శాతానికి తగ్గాయి. 2018 జనవరిలో లాస్ ఏంజెలెస్ సదస్సులో డిఫ్యూజ్–3 ఫలితాలు ప్రకటించిన రోజే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. వైద్యంలో ఇంత వేగం అరుదు.

ఈ అంకెలను తప్పుగా చదివే ప్రమాదం ఉంది. ఆలస్యంగా వచ్చినా ఫలితం బాగుందంటే ఆలస్యం మంచిదని కాదు. అప్పటికి ఎంతో మెదడు మిగిలి ఉన్నవారినే స్కాన్ చూసి ఎంచుకున్నారు. ఎంపికలో నిలవని వారు ఆ లెక్కలోనే లేరు. 24 గంటలు నాందేడ్ నుంచి బయల్దేరడానికి ఇచ్చిన వ్యవధి కాదు, దారిలో గంటలు గడిచిపోయినవారికి మిగిలిన అవకాశం.

తర్వాతి ఏళ్లలో తలుపు ఇంకా తెరుచుకుంది. 2022లో చైనా పరిశోధన ఒకటి మెదడు వెనుక భాగపు బేసిలర్ ధమనికి కూడా 24 గంటల దాకా లాభం చూపింది. జపాన్, చైనా, అమెరికా పరిశోధనలు ఎక్కువ భాగం దెబ్బతిన్నవారికీ కొంత మేలు ఉందన్నాయి. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో పని లేకుండా, మామూలు సీటీ యాంజియోగ్రామ్‌లో పక్క నాళాల ప్రవాహం కనిపించినా చాలన్నారు. జిల్లా ఆసుపత్రులకు అన్నిటి కన్నా పనికొచ్చే ఫలితం ఇదే.

ఇక మిగిలింది డబ్బు, దూరం. పరికరం ఖర్చే సామాన్య కుటుంబాన్ని అప్పుల్లోకి దించుతుంది. ఆరోగ్యశ్రీ నమూనాలో మహారాష్ట్ర 2012 జూలైలో తెచ్చిన ఉచిత వైద్య పథకం మొదట ఎనిమిది జిల్లాల్లో నడిచింది. వాటిలో నాందేడ్ ఒకటి. కానీ తెలంగాణ ఆరోగ్యశ్రీ నాందేడ్ రేషన్ కార్డుకు వర్తించదు. 1956 నాటి సరిహద్దు రైలును ఆపలేదు, బిల్లు దగ్గర మాత్రం అడ్డు నిలుస్తోంది. ప్రపంచ స్థాయిలోనూ కొరతే: 67 దేశాలను చూసిన ఒక సర్వేలో, ఈ చికిత్స అవసరమైనవారిలో అందుకుంటున్నది మధ్యగత లెక్కన 3 శాతం లోపే.

108 అంబులెన్స్ ఇప్పుడు సరిహద్దుకు రెండు వైపులా నడుస్తోంది. పక్షవాతం అనుమానం రాగానే దాన్ని పిలిచి, రోగి ఆఖరుసారి బాగున్న సమయాన్ని కాగితం మీద రాసి వెంట ఇవ్వాలి. నిద్రలో వచ్చిన పక్షవాతానికి 24 గంటల లెక్క మెలకువ వచ్చినప్పటి నుంచి కాదు, రాత్రి పడుకున్నప్పటి నుంచి మొదలవుతుంది.