అంగీ మీద రాసిన మాట

ఎయిర్‌పోర్టు పక్కన కాపురం ఉండేవాళ్ళకి చేతిలో అట్టముక్క పట్టుకుని నిలబడే మనుషులు కొత్తేమీ కాదు. 2008 మార్చిలో మా శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాం. డ్రైవర్లు ఎవరి పేరో రాసుకుని నిలబడతారు. గల్ఫ్ నుంచి ఏళ్ళ తర్వాత వస్తున్న నాన్న కోసం పిల్లలు రంగు రంగులుగా రాసి తెచ్చుకుంటారు. రాసిన చెయ్యి ఎవరిదో ఆ అక్షరాల వంకరలోనే తెలిసిపోతుంది.

ఈసారి ఆ అట్టముక్కలు మా ఇంటికే వచ్చాయి. 1998 నుంచి ప్రపంచంలో చాలా చోట్ల నవంబరు 13ను దయా దినంగా జరుపుకుంటున్నారు. మా అమ్మాయి చదివే బడిలో దాని కోసం ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. హైవే పక్క సర్వీసు రోడ్డు మీద పిల్లలు నిలబడి, రోడ్డు దాటేవాళ్ళకి దారివ్వమని బండ్లవాళ్ళని అడగాలి, ఊడ్చేవాళ్ళకి కృతజ్ఞత చెప్పాలి. చొక్కాలు, బోర్డులు బజార్లో కొనకూడదు, ఇంట్లోనే చెయ్యాలి అని షరతు. తల్లుల గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. ప్రింటింగు షాపులో ఇస్తే గంటలో అయిపోయేదానికి ఈ తిప్పలెందుకని కొందరు. మా అత్తయ్యదైతే అసలు ప్రశ్నే వేరు. "అంగీ మీద రాసుకుంటె మంచితనం వస్తదా బిడ్డా?" అన్నారు.

నవ్వేసి ఊరుకోదగ్గ ప్రశ్న కాదది. గుడ్డ మీదా అట్ట మీదా ఒక మాట రాసుకుని నలుగురిలోకి వెళ్ళడం వల్ల ఎప్పుడైనా ఏమైనా జరిగిందా? మన తెలుగువాళ్ళ కథే ఒకసారి తిరగేద్దాం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా అందించింది అక్కడే. అంతకు ముందే, 1916లో, దేశానికి ఎలాంటి జెండా ఉండాలో నమూనాలు గీసి పుస్తకంగా వేశారాయన. బెజవాడలో ఇచ్చిన దానిలో ఎరుపు, ఆకుపచ్చ రంగులు, మధ్యలో రాట్నం. తర్వాత గాంధీగారి మాట మీద తెలుపు చేరింది. ఆ జెండా మీద ఒక్క అక్షరం లేదు, గమనించారా? ఉన్నదల్లా రాట్నం బొమ్మే. ఆ రోజుల్లో చదవనూ రాయనూ రాని అమ్మకి కూడా అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు కదా!

ఆ తర్వాత రెండేళ్ళకి, 1923 డిసెంబరులో, కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసే పని పద్నాలుగేళ్ళ పిల్లది. అప్పటికే విదేశీ బట్టలు వదిలేసి ఖద్దరు కట్టిన పిల్ల. జవహర్లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వస్తే ఆపేసింది. నిర్వాహకులు గాభరాపడి టిక్కెట్టు కొని తెచ్చాకే లోపలికి పంపింది. ఆయన కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నారు. ఆ పిల్లే తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ కథ మనం చిన్నప్పటి నుంచీ విన్నదే. నాకు మాత్రం ఇందులో ఆ పిల్ల ధైర్యం కంటే ఆమె కట్టిన బట్ట ఎక్కువ కనిపిస్తుంది. నేను ఫలానా మాట మీద నిలబడతాను అని ఒంటి మీద వేసుకున్నాక, పెద్దవాళ్ళకో రూలు, చిన్నవాళ్ళకో రూలు అంటే కుదరదు. అందరూ ఆ బట్టనే చూస్తుంటారు.

అసలు విషయం ఇంకో ఏడాదికి బయటపడింది. 1924 చివర్లో బెల్గాం కాంగ్రెసులో ఒక నియమం పెట్టారు. సభ్యత్వం కావాలంటే నాలుగణాలు చాలవు, నెలకు 2000 గజాల నూలు ఇవ్వాలని. స్వయంగా వడకడం ఇష్టం లేనివాళ్ళు వేరేవాళ్ళు వడికిన నూలైనా తెచ్చి ఇవ్వవచ్చు. సంసారం చేసుకుంటూ రాట్నం ముందు కూర్చుని అంత నూలు తియ్యడమంటే ఎంత ఓపిక కావాలో మనకి వేరే చెప్పాలా? ఏడాది తిరగకుండానే, 1925లో, నూలైనా ఇవ్వండి, నాలుగణాలైనా ఇవ్వండి అని సడలించేశారు. అంటే మన ప్రింటింగు షాపు గొడవ వందేళ్ళ నాటిదన్నమాట! చేత్తో చేసేదా, డబ్బిచ్చి తెచ్చేదా అన్నది అప్పుడూ తేలలేదు.

ఇంకో దేశం కథ కూడా చెప్పుకోవాలి. అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం వేలమంది యువతీ యువకులను మాయం చేసింది. 1977లో వాళ్ళ తల్లులు రాజధానిలోని మే కూడలిలో గుమిగూడడం మొదలుపెట్టారు. గుంపులో ఒకరినొకరు గుర్తుపట్టడానికి తలకి తెల్లగుడ్డ కట్టుకున్నారు. అది ఏ గుడ్డనుకున్నారు? పసిపిల్లలకి కట్టే లంగోటా. తర్వాత వాటి మీద బిడ్డల పేర్లు కూడా కుట్టుకున్నారు. ఏ షాపులో దొరుకుతుంది అలాంటి గుడ్డ?

దూరాలు పోనక్కర్లేదు, 2020 తల్చుకోండి. లాక్‌డౌన్‌లో మాస్కులకి కరువొచ్చినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొదుపు సంఘాల ఆడవాళ్ళు కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని అనుకున్నారు, కుట్టే పనిలో ఎక్కువ భాగం వీళ్ళదే. కుట్టుకూలీ వచ్చింది, నిజమే. కానీ ఆ గుడ్డ ముఖ్యంగా కాపాడేది కట్టుకున్నవాళ్ళ తుమ్మూ దగ్గూ పడకుండా ఎదుటివాళ్ళని. ఏమీ రాయకపోయినా ప్రతి మూతి మీదా "నీకేం కాకూడదు" అని రాసినట్టే కదా.

సరే, మా ఇంట్లో పని ఎలా సాగిందో చెప్తాను, మీకూ పనికొస్తుంది. కొత్త బట్ట కొనలేదు. మావారి పాత తెల్ల కాటన్ చొక్కాలు రెండు తీసి, గంజి పోయేలా ఉతికి ఆరేశాం. లోపల అట్ట పెట్టకపోతే రంగు వీపు వైపుకి దిగిపోతుంది. ముందు పెన్సిలుతో రాసుకుని, ఫాబ్రిక్ పెయింటు పల్చగా వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, చొక్కా తిరగేసి ఇస్త్రీ చేశాం. బోర్డులకి కొరియర్ డబ్బాల అట్టలు, పైన చార్టు, మైదా జిగురు. తెలుగులో రాసేటప్పుడు ఒత్తులకి కింద చోటు వదలాలి. "కృతజ్ఞతలు" అని మొదలుపెడితే జ్ఞ ఒత్తు దగ్గరే పిల్లల చేతులు ఆగిపోయాయి. బండి మీద పోయేవాడు చదవాలంటే రెండు మూడు మాటలే ఉండాలి. అందుకే "అక్కా, నీ వల్లే శుభ్రం" అని రాసుకున్నారు.

ఆ ఒక్క మాట రాయడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లోనే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, మన కాలనీ ఊడ్చే అక్క అన్నం ఎక్కడ తింటుంది?" అని. కుంచెలు పట్టుకున్న పిల్లలంతా ఆగారు. ఎక్కడ తింటుంది? ప్రహరీ బయట, వేపచెట్టు కింద, చెత్తబండి పక్కన. కమ్యూనిటీ హాలు వరండాలో ఫ్యానుంది, కుళాయి ఉంది, కానీ అది కాలనీవాళ్ళకే అని రూలు. "మరి ఈ చొక్కా వేసుకుని ఆవిడ ముందుకి ఎలా వెళ్తాం?" అంది పక్కింటి పిల్ల.

ఆ ఆదివారం లోపే నలుగురైదుగురు తల్లులం కలిసి అసోసియేషన్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. కాస్త వాదన జరిగింది. చివరికి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా వరండా, కుళాయి, బాత్‌రూము పనివాళ్ళందరికీ తెరిచి ఉంచుతామని ఒప్పుకున్నారు. సాయంత్రం దాకా ఎందుకు కాదని పిల్లలు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి అత్తయ్యకి నా జవాబు ఇది. అంగీ మీద రాసుకున్నంత మాత్రాన మంచితనం రాదు. కానీ మన చేత్తో మెల్లగా రాసుకుంటుంటే, ఆ మాటకి మనం తగుతామా అని ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. నాలుగణాలు ఇచ్చినవాళ్ళకీ నూలు వడికినవాళ్ళకీ తేడా అదేనేమో. షాపువాడు గంటలో అచ్చేసి ఇస్తే చొక్కా వచ్చేది, ప్రశ్న వచ్చేది కాదు.

మీ పిల్లలకీ ఇలాంటి పని ఇస్తే విసుక్కోకండి. పాత చొక్కా ఒకటి ఇచ్చి పక్కన కూర్చోండి. రంగు ఆరేలోపు వాళ్ళు ఏం అడుగుతారో వినండి. విన్నది నాక్కూడా చెప్పండేం.